వెర్డీ రిక్వియం మొదటిసారి వినబోయేవారికి, కోరస్‌లో పాడే మనిషి చెప్పే సంగతులు

ప్రశ్న: మా ఊరి ఆర్కెస్ట్రా వచ్చే నెల వెర్డీ రిక్వియం వాయిస్తోంది. ఆఫీసులో ఒకావిడ తనకు కుదరక టికెట్ నాకిచ్చింది. నేను క్రైస్తవుణ్ని కాను, వెస్టర్న్ క్లాసికల్ పెద్దగా విన్నవాణ్నీ కాను. చనిపోయినవాళ్ల కోసం చర్చిలో చేసే ప్రార్థనను హాల్లో టికెట్ పెట్టి ఎందుకు పాడతారు? గంటన్నర లాటిన్ తట్టుకోగలనా? అసలు ఏం వినాలి?

జవాబు:

తప్పకుండా వెళ్లండి, ఆ టికెట్ వదులుకోకండి. నేను చాలా ఏళ్లుగా ఇక్కడ ఒక ఆర్కెస్ట్రాతో కలిసి పాడే కోరస్‌లో ఆల్టోని, అంటే ఆడవాళ్లలో కింది స్థాయి గొంతు. మాకు జీతాలుండవు. పగలంతా ఎవరి ఉద్యోగం వాళ్లది. వారానికో సాయంత్రం రిహార్సల్, కచేరీ దగ్గరపడితే దాదాపు రోజూ. ఈ రిక్వియంని వేర్వేరు కండక్టర్ల దగ్గర పాడాను కాబట్టి వెనక వరసలో నిలబడితే తెలిసే సంగతులు చెబుతాను. సంగీతశాస్త్రం జోలికి పోను.

ముందు మతం సంగతి. మా కోరస్‌లో క్రైస్తవులున్నారు, యూదులున్నారు, దేవుణ్ని నమ్మనివాళ్లున్నారు, నాలాంటి హిందువులూ ఉన్నారు. అసలు దీన్ని రాసిన ఇటలీ ఒపేరా స్వరకర్త వెర్డీయే పెద్ద భక్తుడు కాడు. ఆయన్ని నాస్తికుడు అనలేం గానీ విశ్వాసి అనడమూ కష్టమే అన్న అర్థం వచ్చేలా ఆయన భార్య జుసెప్పీనాయే ఒక ఉత్తరంలో రాసింది. చావంటే మనిషికి ఉండే భయం మాత్రం ఆయనకు బాగా తెలుసు. తెరెజీన్ నాజీ శిబిరంలో రఫాయెల్ షెఖ్టర్ అనే కండక్టర్ తోటి యూదు ఖైదీలను కూడగట్టి, ఆర్కెస్ట్రా లేకపోవడంతో పియానో తోడుతోనే ఈ కాథలిక్ ప్రార్థననే పాడించాడు. చివరిసారి 1944 జూన్ 23న, శిబిరం చూడ్డానికి వచ్చిన రెడ్‌క్రాస్ బృందం ముందు పాడారు. వాళ్లలో చాలామందిని తర్వాత ఆష్‌విట్జ్ మరణశిబిరానికి పంపేశారు. ఎవరి మతం ఏదని అడిగే పాట కాదిది.

ఇక హాల్లో ఎందుకు పాడతారన్నది. ఈ గొడవ చాలా పాతది. హాండెల్ ‘మెస్సయ్య’ మొదటిసారి వినిపించింది 1742 ఏప్రిల్ 13న, డబ్లిన్‌లో ఫిషాంబుల్ వీధిలోని మ్యూజిక్ హాల్లో. చోటు చాలదని ఆడవాళ్లను గౌన్ల కింద చట్రాలు వేసుకోకుండా, మగవాళ్లను కత్తులు లేకుండా రమ్మని ముందే ప్రకటించారు. వచ్చిన డబ్బు అప్పులు తీర్చలేక జైల్లో పడినవాళ్లకీ, ఆసుపత్రులకీ ఇచ్చారు. మరుసటి ఏడాది లండన్‌లో పాడేసరికి, బైబిలు మాటల్ని నాటకశాలలో పాడటమేమిటని కొందరు మండిపడ్డారు. ప్రకటనల్లో ‘మెస్సయ్య’ అన్న పేరే వేయకుండా ‘కొత్త పవిత్ర ఒరటోరియో’ (వేషాలు, నటన లేకుండా పాడే కథ) అని సర్దుకోవలసి వచ్చింది. 1824 మే 7న వియన్నాలో బేతోవెన్ పరిస్థితీ ఇంతే. తొమ్మిదో సింఫనీ మొదటిసారి వినిపించిన ఆ కచేరీలోనే ఆయన ‘మిస్సా సోలెమ్నిస్’ నుంచి మూడు భాగాలు కూడా పాడారు. థియేటర్లో మాస్ (కాథలిక్ ఆరాధన పాఠం) పాడకూడదని సెన్సారు పట్టుబట్టడంతో వాటిని ‘మూడు గొప్ప స్తోత్రాలు’ అని కరపత్రంలో వేశారు. పేరు మార్చారు, స్వరం ఒక్కటీ మార్చలేదు.

తర్వాత రోజులు మారాయి. 1829 మార్చి 11న ఇరవై ఏళ్ల మెండెల్సన్ బెర్లిన్‌లోని జింగ్‌అకాడెమీలో బాఖ్ ‘మత్తయి పాషన్’ని (యేసు శ్రమలు, మరణం కథ) మళ్లీ బయటికి తీశాడు. బాఖ్ దాన్ని లైప్‌జిగ్‌లో గుడ్ ఫ్రైడే ఆరాధన కోసం రాశాడు. బెర్లిన్‌లో విన్నది టికెట్లు కొనుక్కున్న జనం. ఊరూరా పాటల సంఘాలు పుట్టాయి, హాళ్లు లేచాయి, ఆర్కెస్ట్రాలు పెద్దవయ్యాయి. గంటన్నర పాట, వంద వాద్యాలు, నూటయాభై గొంతులు ఏ ఆదివారం ఆరాధనలోనూ ఇమడవు. కాబట్టి ఇవి చర్చి నుంచి హాలుకు ఎత్తుకొచ్చిన ప్రార్థనలని అనుకోకండి. హాలుంటుందన్న ధీమాతోనే వీటిలో చాలావాటిని ఇంత పెద్దగా రాశారు.

వెర్డీది చర్చికీ హాలుకీ నడుమ పుట్టిన వ్యవహారం, కాస్త వివరంగానే చెప్పాలి. 1868 నవంబరు 13న రోసీనీ చనిపోయాడు. ఇటలీ సంగీతకారులంతా తలో భాగం రాసి ఏడాది తిరిగేసరికి బొలోన్యాలో రిక్వియం పాడాలని వెర్డీ ప్రతిపాదించాడు. మొత్తం 13 మంది రాశారు. వెర్డీ వంతుకు చివరి భాగం ‘లిబెరా మే’ (నన్ను విడిపించు) వచ్చింది. అంతా సిద్ధమయ్యాక, పాడాల్సిన రోజుకు కొద్ది రోజుల ముందు, లోపలి తగాదాలతో కార్యక్రమమే ఆగిపోయింది. (ఆ పదమూడుగురి రిక్వియం అటక మీద పడి ఉండి, చివరికి 1988లో ష్టుట్‌గార్ట్‌లో మొదటిసారి వినిపించింది. విన్నాను. వెర్డీ ముక్క దగ్గరికి వచ్చేసరికి మిగతా పన్నెండు మందీ వెలవెలబోతారు.) వెర్డీ దగ్గర ఆ ముక్క మిగిలిపోయింది. 1873 మే 22న, ఆయన ఎంతో గౌరవించే రచయిత అలెస్సాండ్రో మంజోనీ కన్నుమూశాడు. ఈసారి ఎవరినీ నమ్ముకోకుండా మొత్తం తానే రాస్తానన్నాడు. అందుకే ఈ రిక్వియం చివరి భాగం ముందు పుట్టింది, మొదటి భాగం తర్వాత పుట్టింది.

మంజోనీ పోయిన ఏడాదికి, 1874 మే 22న, మిలాన్‌లోని సాన్ మార్కో చర్చిలో వెర్డీయే కండక్ట్ చేశాడు. కోరస్ 120 మంది, ఆర్కెస్ట్రా 100 మంది. చర్చిలో ఆడవాళ్లు పాడటానికి విడిగా అనుమతి తెచ్చుకోవలసి వచ్చింది. నల్లబట్టలు, ముసుగులు వేసుకుని, జాలీ వెనక జనానికి కనబడకుండా పాడాలన్న షరతు మీద ఒప్పుకున్నారు. చర్చి కాబట్టి చప్పట్లు లేవు. మూడు రోజుల తర్వాత ఇదే కృతిని లా స్కాలా ఒపేరా హౌస్‌లో పాడితే హాలు హోరెత్తిపోయింది, కొన్ని భాగాలు మళ్లీ పాడించుకున్నారు. మరుసటి ఏడాది పారిస్, లండన్, వియన్నా తిరిగింది. లండన్‌లో రాయల్ ఆల్బర్ట్ హాలు. 1903లో పోప్ పదో పయస్ చర్చి సంగీతానికి నియమాలు పెట్టి, నాటకశాల బాణీ కూడదన్నాడు, గాయక బృందాల్లో ఆడవాళ్లు పాడకూడదన్నాడు. ఆ లెక్కన ఈ కృతికి ఆరాధనలో చోటే లేదు. ఆర్కెస్ట్రాలే దీన్ని మోసుకుంటూ వచ్చాయి.

ఒపేరా బాణీ అన్న మాట మీరూ వినే ఉంటారు. స్కోరు (స్వరాలు రాసిన ప్రతి) మాత్రం చూసి, వినకుండానే, ‘చర్చి బట్టలు తొడుక్కున్న ఒపేరా’ అని జర్మన్ కండక్టర్ హాన్స్ ఫాన్ బ్యూలోవ్ పత్రికకు రాశాడు. బ్రామ్స్ ఆ స్కోరు తెప్పించుకుని చూసి, బ్యూలోవ్ నవ్వులపాలయ్యాడని, ఇది మేధావి మాత్రమే రాయగలిగిన పని అని తేల్చేశాడు. బ్యూలోవ్ చివరికి 1892లో ఒక మామూలు ప్రదర్శన విని కన్నీళ్లు పెట్టుకుని, వెర్డీకి క్షమాపణ ఉత్తరం రాశాడు. నన్నడిగితే ఒపేరాయే, అందులో తప్పేముంది? చావు గురించి గొంతెత్తి ఏడ్చే దేశంలో పుట్టినదాన్ని, నాకు ఇందులో నాటకం ఎక్కువైందని ఎప్పుడూ అనిపించలేదు.

సరే, ఏం వినాలి? నా సలహా ఒకటే. గట్టిగా మోగే చోట్ల గురించి మీరు టెన్షన్ పడక్కర్లేదు, అవి వాటంతట అవే మిమ్మల్ని పట్టుకుంటాయి. ఒక ఆర్కెస్ట్రా, కోరస్ ఎంత మంచివో తేలేది మెల్లగా పాడే చోట. ఎందుకో తెలియాలంటే మా రిహార్సళ్ల గురించి కొంచెం చెప్పాలి.

ఆర్కెస్ట్రా వాళ్లకు ఈ కృతి కంఠతా వచ్చు. వాళ్లతో కలిసి మాకు దొరికేది మామూలుగా రెండు మూడు రిహార్సళ్లే. అంతకుముందు వారాల తరబడి కోరస్ మాస్టర్ పియానో దగ్గర మమ్మల్ని తోముతాడు. అమెరికాలో రాబర్ట్ షా అనే మహానుభావుడు పెట్టిన పద్ధతి ఒకటి చాలాచోట్ల నడుస్తోంది. లాటిన్ మాటలు పక్కన పెట్టించి, ప్రతి స్వరాన్నీ ‘వన్ అండ్ టూ అండ్ టీ అండ్ ఫోర్ అండ్’ అని అంకెల మీద పాడించడం, అదీ గుసగుసలాంటి గొంతుతో. ‘త్రీ’ అంటే నాలుక తడబడి ఆలస్యమవుతుందని ‘టీ’ చేశారు. నూటయాభై మంది కలిసి ఇలా అంకెలు పాడుతుంటే బయటివాళ్లకు నవ్వొస్తుంది. కానీ ఎవరి తాళం ఎక్కడ జారుతోందో దాక్కోవడానికి చోటుండదు. గొంతూ అరిగిపోదు. అంకెలు కుదిరాక మాటలు తెచ్చిపెడతారు.

మాటలు వచ్చాక అసలు కష్టం మొదలవుతుంది. తెలుగు నోటికి లాటిన్ అచ్చులు ఇబ్బంది కావు, ‘ఆ’ అంటే ఆ, ‘ఓ’ అంటే ఓ. చిక్కంతా మాట చివర ఉండే హల్లులతోనే. ‘ఎటెర్నమ్ దోనా ఏయిస్’ అన్నప్పుడు ఆ చివరి ‘స్’ని నూటయాభై మంది తలో క్షణంలో అంటే నూనెలో ఆవాలు వేసినట్టు చిటపటలాడుతుంది. అందుకని ఫలానా బార్‌లో (తాళం ఆవృత్తంలో) ‘స్’ మూడో దెబ్బ మీద అని అందరం పెన్సిల్‌తో రాసుకుంటాం. పెన్ తెస్తే కోరస్ మాస్టర్ చూపు మామూలుగా ఉండదు, ఎందుకంటే రేపు ఇంకో కండక్టర్ వచ్చి దాన్ని నాలుగో దెబ్బకు మారుస్తాడు.

ఇంకో చిక్కు దూరం. మేం నిలబడేది ఇత్తడి వాద్యాల వెనక, కండక్టర్‌కు పదిహేను మీటర్ల అవతల. అంత దూరం నడవడానికి శబ్దానికి 0.04 సెకన్లకు పైనే పడుతుంది. వయొలిన్లు చెవిన పడ్డాక పాడితే హాల్లో మీకు మేం ఆలస్యంగానే వినిపిస్తాం. కాబట్టి చెవిని కాదని కండక్టర్ చేతి కర్రను నమ్ముకోవాలి. పక్కన ట్రాంబోన్ హోరెత్తుతుంటే మన గొంతు మనకే వినపడదు, అయినా కర్ర ఆడిన క్షణానికే నోరు తెరవాలి. కొత్తవాళ్లకు ఇది ఒంటబట్టడానికి చాలాకాలం పడుతుంది.

వాద్యాలు మీద పడితే ఏమవుతుందో చెప్పే కథ ఒకటుంది. 1867 డిసెంబరు 1న వియన్నాలో బ్రామ్స్ ‘జర్మన్ రిక్వియం’ నుంచి మొదటి మూడు భాగాలు పాడారు. మూడో భాగం చివర పెద్ద ఫ్యూగ్ (ఒకే బాణీని గొంతులు ఒకదాని వెనక ఒకటి అందుకునే పాట), దాని కింద మొదటి నుంచి చివరిదాకా ‘డి’ స్వరం ఒక్కటే మోగుతుంటుంది. టింపానీ (పెద్ద గిన్నెల్లాంటి డ్రమ్ములు) వాయించే ఆయన స్కోరు గుర్తును పొరబడి, అంతసేపూ పూర్తి బలంతో బాదేశాడు. కోరస్ ఏం పాడిందో ఎవరికీ వినపడలేదు, జనంలోంచి ఈలలు. మరుసటి ఏడాది గుడ్ ఫ్రైడే నాడు బ్రేమెన్ కెథీడ్రల్‌లో అదే సంగీతం ఘనవిజయం సాధించింది. రాత అదే, చేతి బరువు మారిందంతే.

ఇప్పుడు మీ కచేరీకి వద్దాం. మొదట చెలోలు (పెద్ద వయొలిన్ లాంటివి) శబ్దం తగ్గించే మ్యూట్ పెట్టుకుని కిందికి జారే ఒక గీతలా మొదలవుతాయి. కోరస్ ‘రెక్వియెమ్’ అని దాదాపు గొణుగుతుంది. ఇది పాడటం ఎంత కష్టమో చూసేవాళ్లకు తెలియదు. ఊపిరి నిండా పట్టి దాన్ని దారంలా వదలాలి. కాసేపటికి ‘తే దేచెత్’ అని బేస్ గొంతులు (మగవాళ్లలో అన్నిటికన్నా కింది స్థాయివి) మొదలుపెడతాయి, ఆర్కెస్ట్రా పూర్తిగా ఆగిపోతుంది. ఇక్కడ జాగ్రత్తగా వినండి. ఆసరా లేనప్పుడు గుంపు శ్రుతి తెలియకుండానే కిందికి దిగుతుంది. మళ్లీ తీగ వాద్యాలు చేరిన క్షణాన అది బయటపడిపోతుంది. చేరిక అతుకు కనబడకుండా జరిగితే మీ ఊరి కోరస్ మంచిదని రాసిపెట్టుకోండి.

తర్వాత ‘దియెస్ ఇరె’, ఆగ్రహ దినం అని. సినిమాల్లో, ప్రకటనల్లో వాడి వాడి అరగదీసిన ముక్క ఇదే, మీరూ గుర్తుపడతారు. ఆర్కెస్ట్రా మొత్తం నాలుగు దెబ్బలు కొడుతుంది, ఆ వెంటనే కోరస్ పైనుంచి కిందికి దొర్లుకుంటూ వస్తుంది. బేస్ డ్రమ్‌ను చూడండి. ఆర్కెస్ట్రా దెబ్బకూ దెబ్బకూ మధ్య, ఒంటరిగా దాని దెబ్బ పడుతుంది. ఆ దెబ్బ పొడిగా, బలంగా రావాలని డ్రమ్ తాళ్లు బాగా బిగించమని వెర్డీ స్కోరులోనే రాశాడు. కొందరు వాద్యకారులు రిహార్సల్ ముందు తోలు మీద వేలితో కొట్టి చూసుకుంటూ, సరిపడేదాకా బిగిస్తూ ఉంటారు. పెద్ద డ్రమ్ ఉంటే చాలదు, బిగువు లేకపోతే ఆ శబ్దం పేలకుండా బుడుంగుమంటుంది.

కాసేపట్లో ట్రంపెట్లు మొదలవుతాయి. మొత్తం ఎనిమిది, వాటిలో నాలుగు వేదిక మీద ఉండవు. దూరంగా, కనబడకుండా ఉండాలని వెర్డీ షరతు. బాల్కనీలోనో, తలుపు అవతలో నిలబడతారు. ఇటు పిలుపు, అటు జవాబు, క్రమంగా హాలంతా ఇత్తడే. అక్కడికక్కడ ఒక్కసారిగా ఆగుతుంది. అప్పుడు బేస్ సోలోయిస్టు ‘మోర్స్’ అంటాడు, మృత్యువు అని. నిశ్శబ్దం. మళ్లీ ‘మోర్స్’. కింద డ్రమ్ చిన్నగా. ఇంత గోలంతా ఆ నిశ్శబ్దాల కోసమే రాశాడేమో అనిపిస్తుంది నాకు. తొందరపడే కండక్టర్లు ఇక్కడే దొరికిపోతారు.

ఈ ‘దియెస్ ఇరె’ భాగం మొత్తం అరగంట దాటుతుంది. మొదటిసారి వినేవాళ్లకు నడుమలో కాస్త మనసు పక్కకు పోవడం మామూలే, కంగారు పడకండి. చివర్లో వచ్చే ‘లాక్రిమోసా’ మిమ్మల్ని వెనక్కి లాక్కొస్తుంది. ఆ బాణీ వెర్డీ తన ‘డాన్ కార్లోస్’ ఒపేరాకు రాసి, 1867లో ప్రదర్శనకు ముందు తీసేసిన పాట నుంచి వచ్చింది. మంచి బాణీని ఆయన పారేయలేదు.

‘ఒఫెర్తోరియో’లో నలుగురు సోలోయిస్టులే పాడతారు. మేం కూర్చుంటాం. చూసేవాళ్లకు అది విశ్రాంతి, మాకు ప్రమాదం. పది నిమిషాలు నోరు మూసుకుని కూర్చున్నాక లేచి వెంటనే ‘సాంక్తుస్’ అందుకోవాలి. కోరస్ రెండుగా చీలి, ఎనిమిది వరసల్లో తరుముకుంటూ సాగే ఫ్యూగ్ అది. పరుగెత్తే పాట, చల్లబడిన గొంతు. కోరస్ లేచేటప్పుడు మొహాలు చూడండి, అందరం మింగుతూ కనబడతాం.

నేను అన్నిటికన్నా ఎక్కువగా ఎదురుచూసేది ‘అన్యుస్ దేయి’. సోప్రానో (ఆడవాళ్లలో పై స్థాయి గొంతు), మెజ్జో (దాని కిందిది) ఇద్దరూ ఒకే బాణీని ఎనిమిది స్వరాల ఎడంతో, ఏ వాద్యమూ లేకుండా 13 బార్లు పాడతారు. మన సంగీతం విన్న చెవికి ఇది ఇట్టే అందుతుంది. హార్మనీ లేదు, ఒకే గీత, అదే పై స్థాయిలోనూ కింది స్థాయిలోనూ. ఇద్దరిలో ఎవరి శ్రుతి వెంట్రుకవాసి జారినా హాలంతటికీ తెలిసిపోతుంది. తర్వాత కోరస్ అదే బాణీ అందుకుంటుంది. ఇంకోసారి వచ్చినప్పుడు ఆ ఇద్దరికీ తోడు మూడు ఫ్లూట్లు మాత్రమే. వంద మంది వాద్యకారులుండి, తొంభై ఏడు మందిని ఊరికే కూర్చోబెట్టడానికి ధైర్యం కావాలి.

చివరిది ‘లిబెరా మే’, రోసీనీ కోసం రాసి, తర్వాత చెక్కుకున్న ముక్క. సోప్రానో ఒక్కదాని మీదే భారం. ‘దియెస్ ఇరె’ తుఫాను మళ్లీ వచ్చి పోయాక, ఆర్కెస్ట్రా ఆగిపోయి కోరస్, సోప్రానో మాత్రమే మిగులుతారు. మొదట్లో చెలోలతో విన్న సంగీతమే, ఇప్పుడు ఉత్త గొంతులతో. చివర ఆవిడ పై బీ ఫ్లాట్‌కు వెళ్లాలి, అదీ ‘పి’ అక్షరం నాలుగుసార్లు రాసినంత మెల్లగా. గంటకు పైగా ట్రంపెట్ల మీద పాడిన గొంతుతో. చాలామంది అక్కడ కాస్త గట్టిగా పాడేసి బయటపడతారు, తప్పు పట్టను.

వెళ్లేముందు ఇంట్లో వినాలనుకుంటే 1960లలో కార్లో మరియా జులీనీ ఫిల్హార్మోనియా ఆర్కెస్ట్రా, కోరస్‌తో చేసిన రికార్డింగ్ వినండి. వేగం, వేడి కావాలంటే 1951లో టోస్కనీనీ చేసింది. మొత్తం అక్కర్లేదు, మొదటి పది నిమిషాలూ ‘అన్యుస్ దేయి’ చాలు. లాటిన్ పాఠం, ఇంగ్లిష్ అర్థం ఒకసారి చదువుకుని వెళ్లండి, హాల్లో చీకట్లో కాగితం చూస్తూ కూర్చోకండి.

సీటు మార్చుకునే వీలుంటే కింది ముందు వరసల కన్నా బాల్కనీ మేలు. ముందు కూర్చుంటే వయొలిన్ల వెనక మేం కనబడం, మా పాట మీ తల మీదుగా పోతుంది. భాగాల మధ్య చప్పట్లు కొట్టరు. అయిపోయాక కూడా కండక్టర్ చేతులు దించేదాకా ఆగండి. బట్టలు ఏవైనా ఫర్వాలేదు, నల్లవి మాకు మాత్రమే. ఆలస్యంగా వెళితే మొదటి భాగం అయ్యేదాకా లోపలికి రానివ్వకపోవచ్చు. చాలాచోట్ల దీనికి ఇంటర్వెల్ కూడా ఇవ్వరు కాబట్టి కాఫీ, బాత్రూమ్ పనులు ముందే చూసుకోండి.